తీర రక్షక దళంలో 37 ఏళ్ళు – నేను నేర్చుకున్న ఒక్క మాట

(గరివిడి విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు మాట్లాడటం అలవాటు లేదు. నా ఉద్యోగమంతా వినడంలోనే గడిచిపోయింది. అయినా మన కార్యదర్శిగారు మూడు నెలలుగా ఇంటికి వచ్చి కూర్చుని, కాఫీ తాగి, "ప్రత్యేక సంచికలో మీ ప్రసంగం లేకపోతే కుదరదు" అని పట్టుబట్టారు. కాఫీ ఖర్చు తగ్గుతుందని ఒప్పుకున్నాను. (నవ్వులు)

ఈ ఊళ్ళో నన్ను చాలామంది 'నేవీ బాబు' అంటారు. కొందరు 'పోర్టులో చేసి వచ్చాడు' అంటారు. మన సభ్యులొకరు ఒకసారి నన్ను అడిగారు – "కోస్టు గార్డు అంటే బీచిలో ఈల వేసి పిల్లల్ని నీళ్ళలోంచి బయటికి పిలిచేవారా?" అని. తప్పు వారిది కాదు. గరివిడిలో పుట్టినవాళ్ళకు మాంగనీసు తెలుసు, ఫేకర్ కొలిమి తెలుసు, రైలు తెలుసు. సముద్రం మనకు ముప్పై కిలోమీటర్ల పైచిలుకు. ఏ పుణ్య స్నానానికో తప్ప అటు పోయేవాళ్ళం కాదు. అందుచేత ముందు నేను పనిచేసిన సంస్థ గురించి నాలుగు ముక్కలు మనవి చేసుకుని, తరువాత అసలు విషయానికి వస్తాను.

నౌకాదళం యుద్ధానికి. తీర రక్షక దళం ముఖ్యంగా శాంతికాలానికి. 1960ల నాటికి మన తీరాల్లో దొంగ రవాణా విపరీతమైంది. 1974లో బొంబాయి హై వద్ద సముద్రంలో నూనె పడింది. 1976లో పార్లమెంటు సముద్ర మండలాల చట్టం చేసింది. దాని ప్రకారం తీరం నుంచి 12 నాటికల్ మైళ్ళ దాకా మన ప్రాదేశిక జలాలు, 200 నాటికల్ మైళ్ళ దాకా ప్రత్యేక ఆర్థిక మండలం. ఒక నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు. మొత్తం ఇంచుమించు 20 లక్షల చదరపు కిలోమీటర్ల నీరు మన ఆస్తి పట్టికలో చేరింది. ఆస్తి ఉంటే కాపలా ఉండాలి కదా! రుస్తుంజీగారి కమిటీ ఇచ్చిన సలహా మీద 1977 ఫిబ్రవరి 1న తాత్కాలికంగానూ, 1978 ఆగస్టులో చట్టం ద్వారా శాశ్వతంగానూ ఈ దళం ఏర్పడింది. మొదటి డైరెక్టర్ జనరల్ వైస్ అడ్మిరల్ కామత్‌గారు. నౌకాదళం ఇచ్చిన రెండు పాత ఫ్రిగేట్లు, అయిదు చిన్న గస్తీ పడవలు – మా దళం ఇంటి సామానంతా అదే. 'వయం రక్షామః' – మేము రక్షిస్తాము – అనేది మా నినాదం.

దొంగ రవాణాను ఆపడం, విదేశీ పడవలు మన చేపలు దోచుకోకుండా చూడటం, నీటి మీద నూనె ఒలికితే శుభ్రం చేయడం, ఒడిశా తీరానికి గుడ్లు పెట్టవచ్చే తాబేళ్ళకు కూడా కాపలా కాయడం మా పనులు. అన్నిటికన్నా పెద్ద పని, ఆపదలో ఉన్న మనిషిని వెతికి తీసుకురావడం. మన దేశం బాధ్యత పడిన వెతుకులాట ప్రాంతం మన ఆర్థిక మండలానికి రెట్టింపు పైనే – సుమారు 46 లక్షల చదరపు కిలోమీటర్లు.

ఇక నా సంగతి. మా నాన్నగారు కొలిమి దగ్గర పనిచేసేవారు. ఇంటర్ తప్పకుండా గట్టెక్కాను గానీ, తరువాత ఏం చేయాలో తోచలేదు. 1985లో పేపర్లో ప్రకటన చూసి దరఖాస్తు పెట్టాను. ఎంపికయ్యాను. చిలికాలో శిక్షణకు వెళ్ళడానికి గరివిడి స్టేషనులో రైలెక్కినప్పుడు మా అమ్మ నాకు కొబ్బరికాయ ఇచ్చి, "సముద్రం చూడగానే కొట్టు నాయనా, చల్లగా చూస్తుంది" అంది. నాకు అప్పటికి ఈత రాదు! ఆ విషయం మా అమ్మకు చెప్పలేదు. (నవ్వులు) నావిక్‌గా చేరి, ప్రధాన్ అధికారిగా 2022లో పదవీ విరమణ చేశాను. నా శాఖ రేడియో. అంటే ఓడలో ఒక చిన్న గదిలో చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, వినిపించింది వినిపించినట్టు, ఏ నిమిషానికి వినిపించిందో వేళతో సహా పుస్తకంలో రాసే పని.

ఆ గదిలో ఒక గడియారం ఉండేది. దాని ముఖం మీద గంట దగ్గరా, అరగంట దగ్గరా మూడేసి నిమిషాల మేర రంగు వేసి ఉండేది. ఆ మూడు నిమిషాలూ 2182 కిలోహెర్ట్జ్ మీద ప్రపంచంలో ఏ ఓడా మాట్లాడకూడదు. అందరూ నోరు మూసుకుని వినాలి. ఎందుకంటే ఎక్కడో ఒక బలహీనమైన గొంతు "కాపాడండి" అంటుందేమో, పెద్ద గొంతుల గోలలో అది మునిగిపోకూడదని. 1999 నుంచి ఉపగ్రహాల మీద నడిచే కొత్త పద్ధతి పూర్తిగా వచ్చాక ఆ మౌనం పాటించే ఆచారం పోయింది. గడియారాలు కూడా పోయాయి. కానీ నాకు ఇప్పటికీ గంట కొడితే మాట ఆగిపోతుంది. మా ఆవిడ దీన్ని జబ్బు అనుకుంటుంది.

ఇప్పుడు అసలు విషయం. ఇది నేను ఈ ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు.

1990లలో జరిగిన సంగతి. ఓడ పేరు, తేదీ చెప్పను. కార్తీక మాసం. బంగాళాఖాతంలో వాయుగుండం ఉంది. ఒడ్డుకు రమ్మని రెండు రోజులుగా హెచ్చరికలు పోతున్నాయి. చాలా బోట్లు వచ్చేశాయి. మా ఓడ విశాఖకు ఉత్తరంగా గస్తీలో ఉంది. చీకటి పడిన తరువాత నా చెవిలో ఒక గొంతు పడింది. బ్యాటరీ అయిపోవస్తోంది కాబోలు, మాట వస్తూ పోతూ ఉంది. మన జిల్లా మాట. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఓడలో తెలుగు తెలిసినవాణ్ణి ఆ పూట నేనొక్కణ్ణే. మా కెప్టెన్ ఉత్తరాది ఆయన. ఆయన, పక్కనున్న అధికారులు, అందరూ నా మొహం వైపే చూస్తున్నారు.

ఆ గొంతు అన్న మాటలు నాకు ఈ రోజుకీ అచ్చంగా గుర్తున్నాయి. "బాబూ... ఇంజిను ఆగిపోనాది... ఆరుగురం ఉన్నాం... భీమిలి కొండ మునిగిపోనాది..." అంతే. తరువాత గరగర.

నేను పుస్తకంలో రాసింది ఏమిటంటే: "ఇంజను ఆగింది. ఆరుగురు. భీమిలి దగ్గర మునిగిపోయింది."

కొండ అనే మాట నాకు వినపడలేదా అంటే, వినపడింది. కానీ కొండ మునగడమేమిటి? కొండ మునుగుతుందా? నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని ఒప్పుకోవడానికి సిగ్గేసింది. ఇంతమంది అధికారులు 'మనవాడికి ఆ భాష తెలుసు' అని నన్ను నమ్ముకుని నిలబడ్డారు. అందుకని అర్థం కాని ఆ ఒక్క మాట తీసేసి, మిగిలినది అర్థమయ్యేటట్టు రాసి కెప్టెన్ చేతికిచ్చాను.

తరువాత తెలిసింది. చేపల వేటకు పోయేవాళ్ళు ఒడ్డున ఉన్న కొండనో, గుడి గోపురాన్నో, దీపస్తంభాన్నో గురుతు పెట్టుకుంటారు. లోపలికి పోయినకొద్దీ ఆ కొండ పొట్టిదై పొట్టిదై చివరికి నీటి గీత కిందికి దిగిపోతుంది. 'కొండ మునిగిపోయింది' అంటే 'మేము ఆ కొండ కనపడనంత దూరం వచ్చేశాము' అని అర్థం. పాపం, ఆ సరంగు నాకు తన దూరం చెప్పాడు. నేను అతని బోటును ముంచేశాను.

దీనివల్ల ఏమవుతుందని మీరు అడగవచ్చు. చాలా అవుతుంది. నీళ్ళలో పడిన మనిషికి తల మాత్రమే పైన ఉంటుంది. అతణ్ణి నీటి వాలు లాక్కుపోతుంది. తేలుతున్న బోటు అలా కాదు. దాని ఒళ్ళంతా గాలికి అడ్డంగా ఉంటుంది. గాలి ఎటు తోస్తే అటు, నీటికన్నా వేగంగా పోతుంది. గంటలు గడిచేకొద్దీ ఈ రెండు దారుల మధ్య ఎడం మైళ్ళలో పెరుగుతుంది. వెతకబోయేది మనిషినా, బోటునా అన్నదాన్ని బట్టి చార్టు మీద వెతకవలసిన చోటు గీస్తారు. మా కెప్టెన్ నా కాగితం చూసి, ఒడ్డుకు దగ్గరగా, నీళ్ళలో పడిన మనుషుల కోసం గీశారు. రాత్రంతా సెర్చిలైటు వేసి, ఆ అలల్లో, అంగుళం అంగుళం వెతికాము. డెక్కు మీద ఉన్న కుర్రాళ్ళు వాంతులు చేసుకుంటూనే కళ్ళార్పకుండా చూశారు. ఎవరూ పని తక్కువ చేయలేదు. వెతికిన చోటే తప్పు.

మర్నాడు ఉదయానికి ఏమీ దొరకక, కెప్టెన్ వెతికే చోటు పెంచారు. మధ్యాహ్నం దాటాక బోటు కనపడింది. తేలుతూనే ఉంది. అందులో అయిదుగురు ఉన్నారు.

ఆరోవాడు సరంగు తమ్ముడి కొడుకు. పంతొమ్మిదేళ్ళవాడు. రాత్రంతా బోటులోకి వచ్చిన నీళ్ళు తోడుతూనే ఉన్నాడట. తెల్లవారుతుండగా ఒక అల కొట్టి తీసుకుపోయింది.

సరంగును పైకి తెచ్చి, దుప్పటి కప్పి, టీ ఇచ్చాము. మాట్లాడటానికి నన్నే పంపారు. "రాత్రి మాట్లాడినది నువ్వేనా బాబూ?" అన్నాడు. అవునన్నాను. "కొండ మునిగిపోనాదని సెప్పినాను గదా, ఇటేపు ఎందుకు రానేదు?" అన్నాడు. కోపంగా కాదు. నిజంగా తెలుసుకుందామని అడిగాడు. అప్పుడు తెలిసింది నాకు కొండ మునగడమంటే ఏమిటో.

ఆ సాయంత్రం చార్టు దగ్గరికి వెళ్ళి చూసుకున్నాను. మొదటే బోటు కోసం గీసి వెతికి ఉంటే, తెల్లవారే వేళకు ఆ బోటుకు దగ్గరలో ఉండేవాళ్ళమేమో. ఆ 'ఏమో' అన్న మాట నన్ను ఈనాటికీ వదలలేదు. ఆ సముద్రంలో ఏదైనా జరగవచ్చు. తప్పక కాపాడేవాళ్ళమని నేననలేను. కాపాడలేకపోయేవాళ్ళమనీ అనలేను.

కెప్టెన్ దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. శిక్ష వేస్తారనుకున్నాను. ఆయన చాలాసేపు ఊరుకుని, "మాట అర్థం కాకపోవడం నీ తప్పు కాదు. అర్థం కానిది అర్థం కాలేదని రాయకపోవడం నీ తప్పు. ఆ కొండ అనే మాట కాగితం మీద ఉండి ఉంటే, తెలిసిన ఎవరినైనా అడిగేవాళ్ళం" అన్నారు. నివేదికలో మాత్రం వాతావరణం గురించే ఉంది. నా పేరు లేదు. నా సర్వీసు పుస్తకంలో ఈ సంగతి ఎక్కడా లేదు. అందుకే ఇవాళ మీ ముందు చెబుతున్నాను.

మరుసటి సెలవుకు ఆ కుర్రవాడి ఊరు వెళ్ళాను. మన జిల్లా తీరంలోనే. ఇసుకలో గుడిసెలు, ఎండకు ఆరేసిన వలలు. తల్లి గుమ్మంలో కూర్చుని చేపలు చీరుతోంది. చెప్పవలసింది చెప్పాను. ఆమె చేతిలో కత్తి ఆగింది. తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఆమె ఇలా అంది: "మా మాట మీకు తెల్దు. మీ మాట మాకు తెల్దు. మజ్జిన నా గుంటడు పోనాడు." కాసేపుండి, "నేర్సుకో బాబూ. నీ తరవాతోడికి కూడా నేర్పు" అంది.

క్షమించాను అనలేదు. నేనూ అడగలేదు. ఆ రోజు ఆమె చెప్పిన పనే నేను మిగిలిన ఉద్యోగకాలం చేశాను.

ఒక నోటుపుస్తకం కొన్నాను. సెలవు దొరికినప్పుడల్లా కోనాడ, చింతపల్లి, ముక్కాం, అటు కళింగపట్నం దాకా వెళ్ళి, పెద్ద సరంగుల దగ్గర కూర్చుని రాసుకున్నాను. వాళ్ళు దూరాన్ని గంటల్లో చెబుతారు – 'మూడు గంటల పరుగు' అని. లోతును బారల్లో చెబుతారు. రెండు చేతులూ చాచితే ఒక బార. దిక్కును కొండతో, గుడితో, దీపంతో చెబుతారు. చదువులేదు గానీ లెక్క తప్పదు. మా చార్టుతో పోల్చి చూస్తే నేను చాలాసార్లు ఆశ్చర్యపోయాను. ఆ పుస్తకాన్ని శుభ్రంగా ఎత్తి రాయించి, విశాఖలో నా తరువాత వచ్చిన రేడియో కుర్రాళ్ళకు ఇచ్చాను. మలయాళం వాళ్ళు, బెంగాలీ వాళ్ళు కూడా 'కొండ మునిగిపోనాది' అనే మాటకు అర్థం చెప్పేటట్టు చేశాను. నా ఉద్యోగంలో నేను చేసిన మంచి పని ఏదైనా ఉంటే అదే. పతకాలు కావు.

ఆ తరువాత కాలం మారింది. 2008 నవంబరు 26న ముంబయిలో జరిగిన ఘోరం తరువాత మా దళానికి తీరప్రాంత భద్రత బాధ్యత కూడా పెరిగింది. ఓడలు, విమానాలు, తీరం వెంబడి రాడార్లు పెరిగాయి. బోట్లలో జీపీఎస్ వచ్చింది. ఇస్రోవారు తయారుచేసిన ఆపద సంకేత పరికరం వచ్చింది. మీట నొక్కితే ఉపగ్రహం ద్వారా బోటున్న చోటు చెన్నైలోని మా కేంద్రానికి తెలిసిపోతుంది. 1554 నంబరుకు ఫోను చేస్తే తీర రక్షక దళం పలుకుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఊడ్చేసినా, 2018 అక్టోబరులో తిత్లీ పలాస పక్కన తీరం దాటినా, ముందే విమానాలూ ఓడలూ తిరిగి బోట్లను వెనక్కి పంపే పని జరిగింది. 1977 దివిసీమ ఉప్పెన నాటికి ఇవేవీ లేవు.

అయినా కష్టాలు తీరలేదు. మన తీరంలో వేట గిట్టక మన శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్ళు గుజరాత్‌లోని వేరావల్ దాకా పోయి కూలికి బోటెక్కుతున్నారు. నీటి మీద సరిహద్దు గీత కనపడదు. 2018 నవంబరులో అలా పాకిస్తాన్ వారికి చిక్కినవారిలో 20 మంది 2020 జనవరిలో గానీ వాఘా దాటి రాలేకపోయారు. ఆ సంగతి ఆధారంగా 2025లో 'తండేల్' అనే సినిమా కూడా వచ్చింది, మీ మనవలు చూసే ఉంటారు. నేను ఆ సినిమా చూస్తూ పాటలు వినలేదు. రేడియో గదిలో ఎవరున్నారా, వాళ్ళ మాట ఎవరికి అర్థమైందా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

మిత్రులారా, ఈ సోదంతా మీకెందుకంటే రెండు మనవులున్నాయి.

మొదటిది చిన్నది. మన సంఘం ఏటా ఒక వైద్య శిబిరం పెడుతుంది. ఈసారి అది తీరంలో ఏదైనా మత్స్యకార గ్రామంలో పెడదాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. మగవాళ్ళంతా ఇంటి పట్టునే ఉంటారు. మన డాక్టర్లు బీపీ చూస్తారు. నేను 1554 నంబరు ప్రతి గోడ మీదా రాయిస్తాను. లైఫ్ జాకెట్ వేసుకోవడం చూపిస్తాను. చాలామంది దాన్ని బోటులో తలకింద దిండుగా వాడుకుంటున్నారు. ప్రాణం కాపాడే వస్తువు నిద్రకే ఉపయోగపడుతోంది.

రెండవ మనవి మనందరికీ. రైల్వేలో పనిచేసిన పెద్దలు ఇక్కడ ఉన్నారు. లైన్ క్లియర్ ఇచ్చేటప్పుడు ప్రైవేటు నంబరు చెప్పి, అవతలివారు తిరిగి చెప్పాక గాని బండిని వదలరు. కర్మాగారంలో పనిచేసినవారికి తెలుసు, కరెంటు తీశారని నోటిమాట విని ఎవరూ తీగ ముట్టుకోరు. మాస్టార్లకు తెలుసు, తల ఊపిన పిల్లవాడికి పాఠం వచ్చినట్టు కాదని. ఉద్యోగంలో మనమంతా ఈ జాగ్రత్త పాటించాము. ఇంటికి వచ్చాక వదిలేశాము. కోడలు చెప్పినది సగం విని మిగతా సగం మనమే పూరిస్తాము. మనవడు ఏదో అంటే 'ఈ కాలం పిల్లలు' అని కొట్టిపారేస్తాము. మందుల షాపువాడు చెప్పింది అర్థం కాకపోయినా, అర్థం కాలేదనడానికి నామోషీపడి సరే సరే అని వచ్చేస్తాము. వయసు వచ్చినకొద్దీ చెవి మందగించడం తప్పు కాదు. వినపడనిదాన్ని వినపడినట్టు రాసుకోవడం తప్పు.

రేడియోలో మా వాళ్ళు మొదటి రోజు నేర్పే మాట ఒకటుంది. 'మళ్ళీ చెప్పండి.' మొదటి రోజు నేర్పిన మాట నాకు ఒంటబట్టడానికి చాలా ఏళ్ళు పట్టింది. దానికి ఒక తల్లి చెల్లించిన ధర నేను తీర్చలేను. ఆ తల్లి ఇప్పుడు లేదు. ప్రతి కార్తీకంలో నేను ఆ ఊరి ఒడ్డుకు వెళ్ళి ఒక కొబ్బరికాయ కొట్టి వస్తాను. మా అమ్మ నాకు చెప్పినది, నేను ఆ కుర్రవాడి కోసం చేస్తాను.

 ఎవరికైనా ఏదైనా వినపడకపోయి ఉంటే సిగ్గుపడకుండా అడగండి. మళ్ళీ చెబుతాను.

సెలవు. జై హింద్.